దోనదారి గొడ్డలి

నేను ఒక గొడ్డలిని అనగానే మీరు కాస్త వెనక్కి జరుగుతారని నాకు తెలుసు. మా జాతికి మంచి పేరు లేదు. గోటితో పోయేదానికి మమ్మల్ని తెచ్చుకున్నారని ఎవరినో తిట్టడానికే మా పేరెత్తుతారు. పచ్చటి చెట్టు కూలిందంటే చేయించినవాణ్ణి వదిలేసి మా వైపు చూస్తారు. ఏం చేస్తాం, నోరు లేనివాళ్ళ మీద నేరం మోపడం సులువు.

నా మటుకు నేను ఏ అడవినీ పడగొట్టలేదు. నా బతుకంతా మదనపల్లె దాటాక వచ్చే కొండల్లో, ఒక వాలు మీద, ఒక పెంకుటింటి చుట్టూ గడిచిపోయింది. పొయ్యిలోకి ఎండుకట్టె కొట్టడం, కాలిదారికి అడ్డం వచ్చిన కొమ్మ తీసెయ్యడం, ఇంతే నా ఉద్యోగం. అయినా ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాలకి ఏం జరిగిందో నాకు తెలిసినంత దగ్గరగా ఇంకెవరికీ తెలియదు. ఇద్దరి చేతుల్లోనూ ఉన్నదాన్ని గదా.

పుట్టుకతో నేను గొడ్డలిని కాను. ఘాటు రోడ్డు ఎక్కిదిగే ఒక బస్సు కింద కమాను పట్టీని. ఊరూరి జనాన్ని, వాళ్ళ కోళ్ళని, మూటల్ని, పెళ్ళివారి పెట్టెల్ని మోసీ మోసీ ఒకరోజు గుంతలో దభీమని పడి విరిగాను. షెడ్డులో మెకానిక్కు విప్పి పారేయబోతుంటే ఆ బస్సు డ్రైవరు చెంగల్రాయుడు అడ్డం వచ్చి, "పారేయొద్దబ్బా, నాకియ్యి" అని అడిగి, తువ్వాల్లో చుట్టుకుని కమ్మరి ఓబులాచారి దగ్గరికి తెచ్చాడు.

"ఓబులన్నా, దీన్ని గొడ్డలి చేసిపెట్టు. మా రెడ్డెమ్మ కొండలో కంప ముదిరిపోతా ఉండాది."

ఓబులాచారి నన్ను తిరగేసి చూసి, గోటితో మీటి, "మంచి ఉక్కప్పా" అన్నాడు. ఆ తర్వాత జరిగింది నేను వివరంగా చెప్పను. ఎవరికైనా తమ పుట్టుక గుర్తుండకపోవడమే మేలు. ఎర్రగా కాలాను, సాగాను, నీళ్ళలో చుయ్యిమన్నాను. చండ్ర కర్రతో చేసిన పిడిని, మా వైపు కామ అంటారు, నాకు తొడిగాడు. చెంగల్రాయుడు నన్ను భుజాన వేసుకుని బస్సెక్కితే, కండక్టరు "ఏందన్నా, ప్యాసింజర్లను భయపెట్టేదానికా?" అని నవ్వాడు.

కొండవాలు అతని పెళ్ళాం రెడ్డెమ్మకు ఆమె తండ్రి ఇచ్చింది. కింద బావీ చదునూ ఉన్న భూమి తమ్ముడు మునిరత్నానికి వచ్చింది, పైన రాళ్ళూ చెట్లూ ఉన్నది ఆమెకు వచ్చింది. జనం అయ్యో అన్నారు. ఆమె మాత్రం పెళ్ళైన కొత్తలోనే ఆ వాలు మధ్యలో ఇల్లు కట్టించుకుంది. నేరేడు, కానుగ, ఉసిరి, పైకి పోయేకొద్దీ నీలగిరి చెట్లు. ఇంటి నుంచి కిందికి రోడ్డు దాకా ఒక దారి. పైకి దోన దాకా ఇంకొక దారి. బండ మీద సహజంగా పడిన గుంటలో ఏడాది పొడుగునా నీళ్ళు నిలిచేదాన్ని మా వైపు దోన అంటారు. ఇంట్లోకి తాగునీళ్ళు అక్కణ్ణుంచే.

చెంగల్రాయుడు సెలవురోజు వచ్చిందంటే నన్ను తీసుకుని బయల్దేరేవాడు. అతనికొక పద్ధతి ఉండేది. ఎండినదాన్ని కొట్టేవాడు, పడిపోయినదాన్ని కొట్టేవాడు, పచ్చిదాని జోలికి పొయ్యేవాడు కాదు. మరీ దారికి అడ్డం పడితే, "నువ్వే నా సైడుకొచ్చినావు, తప్పు నాది కాదు" అని చెట్టుకు చెప్పి మరీ కొమ్మ కొట్టేవాడు. ఘాటు డ్రైవరు గదా, కాలిదారిని కూడా ఘాటు రోడ్డు మాదిరే వేశాడు. నిటారుగా పైకి పోకుండా మలుపులు తిప్పాడు. వాననీళ్ళు దారిని కోసెయ్యకుండా అడ్డంగా రాళ్ళు పేర్చి పక్కకు మళ్ళించాడు. మలుపులకు పేర్లు కూడా పెట్టాడు. నేరేడు కింద ఉన్నది హారన్ మలుపు. నీలగిరి చెట్ల దగ్గర బాగా ఎత్తుగా ఉన్నది ఫస్టు గేరు మలుపు.

"నెత్తిన కట్టెలమోపు, చంకలో బిందె. నేనెట్ల కొట్టాలయ్యా హారన్?" అని రెడ్డెమ్మ నవ్వేది.

"నువ్వు కొట్టబల్లే. నీ గొంతు చాలు, ఎదురొచ్చే ఎలుగుబంటి అదే పక్కకు తప్పుకుంటాది."

నేను కొట్టిన కట్టెనంతా మోసింది ఆమే. నన్ను ఒక్కసారి పట్టుకుంటానని ఆమె అడగలేదు, పట్టుకుంటావా అని అతనూ అడగలేదు. మనుషుల్లో ఈ వింత నేను చాలాచోట్ల చూశాను. బరువు మొయ్యడం ఆడవాళ్ళ పని, పదును పట్టడం మగవాళ్ళ పని. ఈ పంపకం ఎవరు చేశారో ఎవరికీ తెలియదు.

అట్లా చాలా ఏళ్ళు హాయిగా గడిచాయి. నా అంచు అరిగి, మళ్ళీ సాన పట్టి, మళ్ళీ అరిగింది. కామ మాత్రం చండ్ర కర్ర కాబట్టి చెక్కుచెదరలేదు.

ఆ తర్వాత నా దెబ్బ పక్కకు పోవడం మొదలైంది. గాటు పడినచోటే మళ్ళీ పడాల్సింది, వేలెడు అవతల పడేది. చెంగల్రాయుడు మొదట కామను అనుమానించాడు. బిర్రుగా చెక్క దిగగొట్టాడు. తర్వాత నా పదునును అనుమానించాడు, సాన పట్టించాడు. తర్వాత కట్టెనే తిట్టాడు, "ముడులు ఎక్కువుండాయి ఈ మొద్దులో" అని. మనుషులంతే. తమ కన్ను తప్ప లోకంలో అన్నిటినీ అనుమానిస్తారు. నాకు మాత్రం అతని చేతుల్లో తెలిసిపోయింది. దెబ్బ వేసే ముందు ఒక తటపటాయింపు. మునుపు అది ఉండేది కాదు.

ఒక ఆదివారం పొద్దున ఇంటిముందు మొద్దు మీద కట్టె పెట్టి కొడుతుంటే నేను జారి అతని ఎడమకాలి చెప్పు కొసను తెగ్గోసుకుపోయాను. బొటనవేలు తప్పించుకుంది. రెడ్డెమ్మ అరుగు మీద బియ్యం చెరుగుతూ అంతా చూసింది. చాట కింద పెట్టి వచ్చి అతని ముందు నిలబడింది.

"నిజం చెప్పు. నీకు కనిపిస్తా ఉందా?"

"కనిపిస్తా ఉంది."

"అరుగు మీద నేను లేచింది చూసినావా?"

అతను నన్ను నేలకు ఆనించి, కామ మీద రెండు చేతులూ పెట్టి నిలబడ్డాడు. ఆ చేతులు చల్లబడడం నాకు తెలుస్తూనే ఉంది.

"నడిమధ్యన కనిపిస్తాది మే," అన్నాడు చివరికి. "పక్కలంతా మసక. సొరంగంలో చూసినట్టుంటాది."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఉగాది ముందు నుంచి."

రెడ్డెమ్మ గుండె మీద చెయ్యి పెట్టుకుంది. "ఆ ఘాటులో, బస్సు నిండా జనాన్ని పెట్టుకుని..." అని ఆపేసింది. అరవలేదు. అరిచి ఉంటే అతనికి సులువయ్యేది. "రేపు డ్యూటీకి పోతావా?" అని మాత్రం అడిగింది.

అతను, "పోతా. డిపోకి పొయ్యి, ఇంక బండెక్కనని చెప్పేసి వస్తా" అన్నాడు.

చెప్పాడు కూడా. మదనపల్లెలో కంటి డాక్టరు చూసి, ఇది నీటికాసుల జబ్బు, పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నదన్నా నిలబెట్టుకుందాం అన్నాడు. చుక్కలు వేశారు, ఆపరేషనూ చేశారు. నిలబడలేదు. రెండు వానాకాలాలు తిరిగేసరికి అతనికి పగలూ రాత్రీ ఒకటే రంగు అయిపోయింది.

చూపు పూర్తిగా పోయిన వారంలోనే రెడ్డెమ్మ నన్ను పాత చీరపేలికలో చుట్టి అటక మీద పెట్టేసింది. ఎందుకో నాకు అర్థమైంది. ఒక గుడ్డివాడి చేతికి దొరికే చోట గొడ్డలి ఉండకూడదు. అందులోనూ మాట్లాడ్డం మానేసినవాడి చేతికి.

అవును, అతను మాట్లాడ్డం మానేశాడు. అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చునేవాడు. ఆమె పిలిస్తే తినేవాడు, పడుకోమంటే పడుకునేవాడు. చెయ్యి పట్టుకుని నడిపిస్తానంటే మాత్రం విదిలించేవాడు. నేను అటక మీద నుంచి వినడం తప్ప చెయ్యగలిగింది లేదు. నేను లేకపోవడంతో దారులు మూసుకుపోతున్నాయని రెడ్డెమ్మ గొణుగుడు బట్టి తెలిసేది. దోనకు పోయి వచ్చినప్పుడల్లా ముల్లు తీసుకుంటూ, చీర చిరిగిందని తిట్టుకుంటూ వచ్చేది. రంగురంగుల చిన్న పూలు పూసే పులికంప ఒకటి ఉంటుంది. వదిలేస్తే దారిని మింగేస్తుంది. కొన్నాళ్ళకు ఆమె దోనకు పోవడమే మానేసి, కిందికి దిగి తమ్ముడి బావి నుంచి నీళ్ళు తెచ్చుకోవడం మొదలుపెట్టింది.

ఒకరోజు మునిరత్నం వచ్చాడు. మనిషి మంచివాడు. అక్క ఇంటికి చేతులూపుకుంటూ రాడు. ఆ రోజు కూడా టమాటా బుట్ట, ఒక కట్టెలమోపు మోసుకొచ్చాడు.

"అక్కా, ఇంక ఎన్నాళ్ళని ఈ కంపలో ఉంటారు?" అన్నాడు. "బావకు చూస్తే కండ్లు లేవు. పాము మీద కాలేస్తే దిక్కెవురు? జేసీబీ పిలిపిస్తా. ఇంటిచుట్టూ చెట్లన్నీ పెరికేసి చదును చేసేద్దాం. బావ అడ్డం లేకుండా అట్లా ఇట్లా తిరగొచ్చు. పై భూమిలో నేను టమాటా పెడతా, నువ్వేం కష్టపడబల్లే."

రెడ్డెమ్మ "మీ బావనడుగు" అంది.

"ఏం బావా?"

అరుగు మీద నుంచి చెంగల్రాయుడి గొంతు వినపడింది. "కొండ మీ అక్కది. నాదేముంది. చెట్టున్నా నాకొకటే, లేకున్నా ఒకటే."

ఆ మాటతో ఆమెకు ఏదో తెగిపోయినట్టుంది. "సరేరా. రమ్మను" అంది.

జేసీబీ రేపు వస్తుందనగా రెడ్డెమ్మ రేషను బియ్యానికి కిందికి పోయింది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. కాసేపటికి అరుగు మీద చేతికర్ర తట్టిన చప్పుడు. ఆ చప్పుడు మెట్లు దిగింది. ఇంటి చుట్టూ తిరిగి వెనక్కి పోయింది. దోనదారి వైపు. టక్కు, టక్కు అని మెల్లగా పైకి పోతూ పోతూ నాకు వినపడకుండా పోయింది.

మధ్యాహ్నానికి రెడ్డెమ్మ తిరిగొచ్చింది. బియ్యం సంచి దించిన చప్పుడు. "ఏమయ్యా" అని పిలుపు. మళ్ళీ పిలుపు. ఇంట్లో, దొడ్లో, కట్టెల కొట్టంలో వెతికింది. తర్వాత వెనక నిలబడి కొండ వైపు గొంతెత్తి అరిచింది. ఆ గొంతుకు నిజంగానే ఎలుగుబంటైనా పక్కకు తప్పుకునేది. చాలా పైనుంచి సన్నగా ఒక కేక వచ్చింది.

ఆమె పరుగెత్తింది. వెంటనే తిరిగొచ్చింది. రొప్పుతోంది. దారి మూసుకుపోయి ఉంటుంది, ఉత్తచేతులతో తోసుకుపోలేక వచ్చింది. పీట వేసుకుని, అటక మీద చెయ్యి పెట్టి తడిమి, నన్ను లాగింది. చీరపేలికను పళ్ళతో పట్టి చించింది.

కొట్టడానికని ఆమె నా కామ పట్టుకోవడం అదే మొదలు. మరీ గట్టిగా, మెడ పిసికినట్టు పట్టుకుంది.

హారన్ మలుపు దాకా వంగి దూరి పోగలిగాం. అక్కణ్ణుంచి పులికంప గోడ కట్టినట్టుంది. అతను కర్రతో తట్టుకుంటూ, ఒళ్ళంతా గీరుకుంటూ అందులోంచే పోయినట్టున్నాడు. కొమ్మలకు అతని చొక్కా పోగులు వేలాడుతున్నాయి. రెడ్డెమ్మ నన్ను ఎత్తి నిటారుగా దిగేసింది. కంప ఊగింది, నేను ఎగిరి వెనక్కి వచ్చాను. మళ్ళీ దిగేసింది. మళ్ళీ అంతే.

"ఎవురది?" పైనుంచి అతని గొంతు.

"నేనే!"

"గొడ్డలి నీకెవురిచ్చినారు?"

"దాచిపెట్టింది నేనే, తీసుకున్నదీ నేనే! నోరుమూసుకుని ఆడే ఉండు!"

"అట్ల నిటారుగా కొడితే నీ కాలిమీదికే వస్తాది మే. ఏటవాలుగా కొట్టు. మొదట్లో కొట్టు, తలలో కొడితే ఏముంటాది. చప్పుడు వింటా ఉండా గదా నేను."

ఎన్ని నెలలకో అతను ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడాడు. ఆమె కూడా దాన్ని గమనించిందేమో, ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఏటవాలుగా కొట్టింది. కంప మొదలు తెగి పక్కకు ఒరిగింది. "ఆఁ, అట్ల" అన్నాడు పైనుంచి. ఆమె కొడుతూ పోయింది, అతను చెబుతూ పోయాడు. ఆమె అరచేతుల్లో బొబ్బలు లేచి పగిలి, కామ తడిసింది. తడిసిన కామ జారుతుందని కొంగు చుట్టుకుని పట్టుకుంది. ఆ ఉపాయం ఎవరూ చెప్పలేదు.

ఫస్టు గేరు మలుపు దగ్గర పెద్ద నీలగిరి ఒకటి దారికి అడ్డంగా పడి ఉంది. అతను దాన్ని చుట్టి పోదామని పల్లం వైపు అడుగేశాడు, జారాడు. పట్టుకోబోతే రాయి మీద ఆనుకుని ఉన్న ఆ మాను కదిలి కిందికి దిగింది. దాని కొమ్మ ఒకటి అతని ఎడమ పిక్కను బండకు అదిమి పట్టేసింది. పిక్క నుంచి పాదం దాకా కమిలి నల్లగా ఉంది.

రెడ్డెమ్మ కొమ్మను లాగింది, కదల్లేదు. భుజం పెట్టి ఎత్తింది, కదల్లేదు.

"కొట్టాల్సిందే," అన్నాడు చెంగల్రాయుడు. "కాలికి ఈ పక్క. మెల్లగా, గాటు మీద గాటు."

"తమ్ముణ్ణి పిల్చుకొస్తా."

"వాడు వచ్చేలోపల ఈ మాను ఇంకొంచెం జారితే కాలు ఉండదు. కొట్టు."

ఆమె నన్ను ఎత్తింది. నేను గాల్లో వణుకుతున్నాను. నిజానికి నేను కాదు.

"నా చెయ్యి వణకతా ఉందయ్యా."

"వణికినా నీది కనపడే చెయ్యి," అన్నాడతను. తన అరచెయ్యి తీసి మోకాలి కింద, కొమ్మకు పక్కనే అడ్డంగా పెట్టుకున్నాడు. "ఇదిగో హద్దు. దీనికి అవతల కొట్టు."

నేను ఎన్నో దెబ్బలు వేశాను. వాటిలో గుర్తున్నవి తక్కువ. ఆ కొమ్మ మీద పడిన ప్రతి దెబ్బా గుర్తుంది. గట్టిగా కొడితే మాను కదులుతుంది, మెల్లగా కొడితే దిగదు. ఆమె పెదవి కొరుక్కుని, ఊపిరి బిగబట్టి కొట్టింది. అతని చెయ్యి ఒక్కసారి కూడా అదరలేదు, వెనక్కి పోలేదు. కొమ్మ పెళ్ళున విరిగింది. ఆమె నన్ను విసిరేసి అతని చంకల కింద చేతులు పెట్టి వెనక్కి ఈడ్చింది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడ్డారు. మాను గరగరమంటూ ఇంకో అడుగు కిందికి జారి ఆగింది.

అప్పుడు ఆమె ఏడ్చింది. తిట్టింది కూడా. ఆ తిట్లన్నీ ఇక్కడ రాయడం బాగుండదు.

"ఎందుకొచ్చినావు? అసలెందుకొచ్చినావిక్కడికి?"

"రేపు ఇదంతా ఉండదు గదా. ఒకసారి దోన దాకా పొయ్యి చూసొద్దామనుకున్నా."

చూసొద్దామన్న మాటకు ఆమె అతని కళ్ళ వైపు చూసింది. "చెట్టున్నా ఒకటే, లేకున్నా ఒకటే అంటివి గదయ్యా మునిరత్నంతో" అంది.

"అబద్ధం చెప్పినా." అతను కాలు తడుముకుంటూ కూర్చున్నాడు. "నేరేడు కిందికొస్తే మొగానికి చల్లగా తగుల్తాది. నీలగిరి కిందికొస్తే వాసనొస్తాది, పైన ఆకు సలసలమంటాది. నేను యాడుండానో ఇవే గదా నాకు చెప్తాయి. వాడు అంతా పెరికేసి బయలు చేస్తే, నేను ఆ బయల్లో నిలబడి ఎటు తిరిగేది? నాకంతా ఒకటే అయిపోతాది. దారి నన్ను మోసం చెయ్యలే మే. హారన్ మలుపు, దాని తర్వాత రాళ్ళవరస, అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి. ఈ మాను పడినట్టు నాకెవురూ చెప్పలే, అంతే."

"మరి ముందే ఎందుకు చెప్పలే?"

"కొండ నీది. చాకిరీ నీది. ఇంకా దారులు కూడా తీసిపెట్టమని ఏ మొగం పెట్టుకుని అడగాల?"

రెడ్డెమ్మ కొంగుతో అతని మొహం మీద గీతలు పడినచోట రక్తం తుడిచి, "లెయ్యి. నా భుజం పట్టుకో. విదిలిస్తే ఇక్కడే వదిలేసి పోతా" అంది. అతను పట్టుకున్నాడు.

మరుసటి రోజు పొద్దున జేసీబీ కొండ కింద నిలబడి గుడగుడమంటోంది. రెడ్డెమ్మ నన్ను భుజాన వేసుకుని దిగింది. అక్క భుజాన గొడ్డలి చూసి మునిరత్నం రెండడుగులు వెనక్కి వేశాడు.

"బండిని పంపించెయ్యిరా."

"ఏమైందక్కా? ఆ పొద్దు సరే అంటివే?"

"అప్పుడు నాకు తెలవక అన్నా. ఇదంతా తీసేస్తే మీ బావ నిజంగా గుడ్డోడైపోతాడు."

మునిరత్నానికి అర్థం కాలేదు. బాధ కూడా వేసింది. "నీ మంచికే గదక్కా చెప్పినా. టమాటా కోసమనుకుంటివా నువ్వు?"

"అనుకోలేదురా. నీ మనసు నాకు తెలవదా? పైకి వచ్చి మీ బావను చూసిపో."

అతను వచ్చాడు. వాచిన కాలు చూశాడు. ఆమె అరచేతులు చూశాడు. దిగిపోయాడు. సాయంత్రానికల్లా పెద్ద రంపం, ఒక మనిషిని తీసుకుని తిరిగొచ్చి ఆ నీలగిరి మానును కోయించి దారి పక్కకు దొర్లించాడు. పోతూ పోతూ, "బావా, దోన దాకా తాడు కట్టేదా? పట్టుకుని పోవచ్చు" అని అడిగాడు.

"నన్నేమన్నా ఎద్దనుకున్నావా రత్నం, పలుపు కట్టి తిప్పేదానికి?" అన్నాడు చెంగల్రాయుడు. అని నవ్వాడు. ఇంట్లో ఆ నవ్వు వినపడి ఎన్నాళ్ళైందో, రెడ్డెమ్మ వంటింట్లోంచి బయటికొచ్చి చూసింది.

ఆ వేసవంతా నాకు ఊపిరి సలపలేదు. రెడ్డెమ్మ ముందు నడుస్తూ కంప కొట్టేది. అతను కాలు మానాక వెనకాల ఉత్తకాళ్ళతో నడుస్తూ, పాదంతో నేల చూసేవాడు. "ఇక్కడ నీళ్ళు కోస్తా ఉండాయి, రాయి పెట్టు" అనేవాడు. "ఆడ రాయి పెడితే నాకు బిందెతో అడుగు పడదు" అని ఆమె. పోట్లాడుకునేవాళ్ళు. ఆమె మాట నెగ్గితే రాయి జరిగేది, అతని మాట నెగ్గితే అడుగు జరిగేది. ఆమె నన్ను పట్టుకునే తీరు మారింది. బిగపట్టడం పోయి, దెబ్బ వేసేటప్పుడు మాత్రం బిగించి, ఎత్తేటప్పుడు వదులు చేసేది. మంచి చెయ్యి ఆమెది. ఇన్నాళ్ళూ బరువులు మాత్రం మోసింది.

అతను రోజూ ఒంటరిగా దోనకు పోయి బిందెడు నీళ్ళు తేవడం మొదలుపెట్టాడు. మొదట్లో ఆమె చెట్ల చాటున వెనకే పోయేది. కొన్నాళ్ళకు అదీ మానేసింది.

వానలు పడే ముందు కట్టెల కొట్టం నింపుకోవాలి. నీలగిరి మాను ముక్కలు దొడ్లో పడి ఉన్నాయి. వాటిని చీల్చాలి. ఒక పొద్దున చెంగల్రాయుడు చెయ్యి చాపి, "గొడ్డలి ఇట్లియ్యి" అన్నాడు.

రెడ్డెమ్మ నన్ను వీపు వెనక్కి తీసుకుంది. అతనికది కనపడదు, కానీ తెలిసింది. చాపిన చెయ్యి అట్లాగే పెట్టుకుని నిలబడ్డాడు. ఆమె ఆ చేతిని చూసింది. నన్ను అందులో పెట్టింది.

ముక్క నిలబెట్టి, అతని చెయ్యి దాని మీద ఆనించి, ఆమె దూరంగా జరిగింది. మొదటి దెబ్బ గాల్లో పోయింది. రెండోది మొద్దు అంచును గీరింది. మూడోది బలంగా వేశాడు. మరీ బలంగా. నేను మొద్దును దాటిపోయి పక్కన బండ మీద పడ్డాను. నిప్పురవ్వ లేచింది. కామ దూరే కంత పక్కన ఒక చెంప పగిలి, నేను ఊడి ఎగిరి గడ్డిలో పడ్డాను.

కామ మాత్రం మిగిలింది అతని చేతిలో. దాని చివర తడిమి చూసుకుని, నెమ్మదిగా మొద్దు మీద కూర్చున్నాడు. "ఇంకెత్తుకుని అటక మీద పెట్టెయ్యి" అన్నాడు.

రెడ్డెమ్మ నన్ను గడ్డిలోంచి తీసింది. "నేను చెప్పలా?" అని దెప్పలేదు. ఆ మాట అనకుండా ఉండడం మనుషులకు ఎంత కష్టమో నాకు తెలుసు. మునిరత్నం నన్ను మదనపల్లెలో వెల్డింగు అతనికి చూపించాడు. అతికిస్తే కొట్టేటప్పుడు ఊడి ఎవరి మొహానికో తగులుతుంది, వద్దన్నాడు. పాత ఇనుము కింద పడెయ్యమన్నాడు. నా కథ అంతటితో సరి అనుకున్నాను.

రెడ్డెమ్మ నన్ను చేతిలో తిప్పుతూ రెండు రోజులు ఆలోచించింది. మూడోరోజు ఒక మొద్దు మీద సన్నటి నెర్రె చూసి, అందులో నా అంచు పెట్టి, రాయితో రెండు తట్లు తట్టి నిలబెట్టింది. మునిరత్నం బావి తవ్వేటప్పుడు బండలు కొట్టిన సమ్మెట ఒకటి ఉంటే తెప్పించింది. మొగుడి చెయ్యి పట్టుకుని తెచ్చి నా తల మీద పెట్టింది.

"ఇది ఈడ్నే ఉంటాది, ఎటూ పోదు. తడిమి చూసుకో. చూసుకున్నాక కొట్టు."

అతను తడిమాడు. సమ్మెట తెచ్చి నా మీద ఆనించి, దూరం చూసుకుని, కాళ్ళు కుదురుగా పెట్టుకుని ఎత్తాడు. దెబ్బ సూటిగా నా మీద పడింది. మొద్దు కర్రుమంది. రెండో దెబ్బకు నోరు తెరిచింది. మూడో దెబ్బకు రెండు చెక్కలై, నీలగిరి వాసన గుప్పున కొట్టింది. చెంగల్రాయుడు వంగి రెండు చెక్కల్నీ లోపలి వైపు చేత్తో నిమిరి చూసి, "ఇంకోటి పెట్టు మే" అన్నాడు.

ఇప్పుడు రెడ్డెమ్మకు సొంతంగా తేలికైన కొత్త గొడ్డలి ఉంది. దారులు అది చూసుకుంటుంది. నాకు కామ లేదు, ఎవరి భుజమూ ఎక్కను. మొద్దు చీల్చేరోజున తప్ప నాతో పని లేదు. సమ్మెట దెబ్బలకు నా తల అంచులు పువ్వులా విచ్చుకున్నాయి. నాకేం చింత లేదు. కమ్మరి తర్వాత నన్ను ఇట్లా ప్రేమగా తడిమి చూసినవాళ్ళు ఎవరూ లేరు. ప్రతి దెబ్బకూ ముందు అతని వేళ్ళు వచ్చి నా తల చుట్టూ ఒకసారి తిరుగుతాయి.

"చెయ్యి తీసినావా?" అని రెడ్డెమ్మ అడుగుతుంది.

"తీసినా."

సమ్మెట పైకి లేస్తుంది. అది కిందికి దిగేలోపల రెడ్డెమ్మ తన రెండు కళ్ళూ గట్టిగా మూసుకుంటుంది. ఇన్ని మొద్దులు చీలాక కూడా, ప్రతిసారీ. ఆ సంగతి అతనికి తెలియదు. నేను చెప్పను.